వాతావరణం అటో ఇటో తేలనప్పుడు: చలికాలపు రిడ్జ్ స్క్రాంబుల్‌కి ప్లాన్ వేయడం

శనివారం రిడ్జ్, అంటే కొండ మీది సన్నటి అంచు, ఎక్కాలనుకున్నవాళ్లు బుధవారం నుంచే ఫోన్‌లో వాతావరణం చూడటం మొదలుపెడతారు. పొద్దున ఎండ బొమ్మ ఉంటుంది, సాయంత్రానికి మంచు బొమ్మ వస్తుంది, గురువారం మళ్లీ ఎండ. శుక్రవారం రాత్రికి పెరిగేది టెన్షన్ ఒక్కటే. "శనివారం వాతావరణం ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకి చలికాలపు కొండల్లో గట్టి జవాబు చాలాసార్లు దొరకదు. "అంచనా తప్పితే ఆ సమయానికి నేను ఎక్కడుంటాను? అక్కడి నుంచి దిగగలనా?" అన్న ప్రశ్నకి మాత్రం మ్యాప్ ముందు కూర్చుంటే ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. ప్లాన్ అంతా ఈ రెండో ప్రశ్న చుట్టూ తిరగాలని నా అభిప్రాయం.

ముందు ఈ స్క్రాంబ్లింగ్ సంగతి కాస్త చెప్పుకోవాలి. మామూలు కొండ నడకకీ, తాడు కట్టుకుని ఎక్కే రాక్ క్లైంబింగ్‌కీ మధ్యలో ఉండేది ఇది. కాళ్లతో పాటు చేతులూ వాడాలి, పక్కన లోయ కనిపిస్తూనే ఉంటుంది, అయినా చాలామంది తాడు లేకుండానే వెళతారు. ఈ రూట్లకి గ్రేడ్‌లు ఇచ్చే పద్ధతి బ్రిటన్‌లో బాగా స్థిరపడింది కాబట్టి ఉదాహరణలు అక్కడివే తీసుకుంటాను. వేల్స్‌లో 923 మీటర్ల క్రిబ్ గోఖ్, ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో హెల్వెల్లిన్ కొండకి వెళ్లే స్ట్రైడింగ్ ఎడ్జ్, స్కాట్లాండ్‌లో గ్లెన్‌కో లోయ పైన ఆనఖ్ ఈగఖ్. మూడూ పేరున్న రిడ్జ్‌లే. మూడింటి మీదా ప్రమాదాలు జరిగాయి.

గ్రేడ్‌లతోనే మొదటి చిక్కు వస్తుంది. ఎండాకాలపు స్క్రాంబుల్ గ్రేడ్‌లు 1 నుంచి 3 వరకు ఉంటాయి. క్రిబ్ గోఖ్ 1, ఆనఖ్ ఈగఖ్ 2. మంచు పట్టాక అవే రాళ్లకి శీతాకాలపు క్లైంబింగ్ గ్రేడ్ వర్తిస్తుంది. దాన్ని రోమన్ అంకెల్లో రాస్తారు. క్రిబ్ గోఖ్‌కి అక్కడా ఒకటే, ఆనఖ్ ఈగఖ్‌కి అక్కడా రెండే. అంకె ఒకటే కదా అని మోసపోకూడదు, కొలబద్ద పూర్తిగా వేరు. మొదటిది చేతులు వాడటం వచ్చినవాళ్లకి చెప్పిన మాట. రెండోది మంచు గొడ్డలి లాంటి ఐస్ యాక్స్ పట్టుకుని, బూట్ల కింద ఇనుప పళ్లుండే క్రాంపాన్లు వేసుకుని రాయి మీదా మంచు మీదా నడవగలిగినవాళ్లకి చెప్పిన మాట. జులైలో సరదాగా దాటిన రిడ్జ్‌ని జనవరిలో "తెలిసిన రూటే" అనుకోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక వాతావరణం. సూచన చెప్పే కంప్యూటర్ మోడల్ ఆకాశాన్ని గళ్లు గళ్లుగా కోసి లెక్కలు వేస్తుంది. యూరప్ దేశాలు కలిసి నడిపే మీడియం రేంజ్ వాతావరణ కేంద్రం వాడే ప్రపంచ మోడల్‌లో ఒక గడి సుమారు 9 కిలోమీటర్లు. బ్రిటన్ మెట్ ఆఫీస్ తన దేశం కోసం నడిపే సన్నటి మోడల్‌లో 1.5 కిలోమీటర్లు. కొన్ని అడుగుల వెడల్పున్న రిడ్జ్ అంచు ఈ గళ్లలో ఎక్కడా కనిపించదు. మోడల్ దృష్టిలో కొండ అంటే చదును చేసిన దిబ్బ, అసలు ఎత్తు కంటే తక్కువ. మామూలు యాప్‌లో కొండ పేరు కొడితే వచ్చే ఉష్ణోగ్రత చాలాసార్లు ఆ దిబ్బదో, దగ్గరి లోయదో అయి ఉంటుంది. అందుకే మనుషులు కూర్చుని రాసే కొండ సూచనలు వేరుగా ఉన్నాయి. బ్రిటన్‌లో మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఇచ్చే సూచనలో గాలి వేగంతో పాటు "ఆ గాలి మీ మీద ఎలా పనిచేస్తుంది", "శిఖరాలు మబ్బు లేకుండా కనిపించే అవకాశం ఎంత శాతం", "ఎంత ఎత్తు పైన గడ్డకడుతుంది" అని విడివిడిగా ఉంటుంది. ఎండ బొమ్మ కంటే ఆ నాలుగు వాక్యాలు ఎంతో మేలు.

మోడల్ ఎంత సన్నటిదైనా ఇంకో పరిమితి ఉంది. మొదలుపెట్టిన కొలతల్లో చిన్న తేడా ఉన్నా కొన్ని రోజుల్లో ఫలితం పూర్తిగా మారిపోవచ్చని వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించాడు. దానికి విరుగుడుగా 1992 చివర్లో యూరోపియన్ కేంద్రం ఎన్‌సెంబుల్ పద్ధతి మొదలుపెట్టింది. మొదటి కొలతల్ని కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ని మళ్లీ మళ్లీ నడుపుతారు, ఇప్పుడు 51 సార్లు. ఫలితాలన్నీ ఒక దగ్గరే గుమిగూడితే ఆ అంచనాని చాలావరకు నమ్మొచ్చు. చెల్లాచెదురైతే ఆ రోజు ఎవరికీ తెలియదన్నమాట. ఫోన్‌లో బొమ్మ పూటపూటకీ మారుతోందంటే సాధారణంగా లోపల జరిగేది ఇదే. అలాంటప్పుడు ఇంకో యాప్ డౌన్‌లోడ్ చేసి మనకి నచ్చిన జవాబు చెప్పేదాన్ని వెతుక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఫలితాలు విడిపోయాయన్నదే ఆ రోజుకి మనకి అందిన అసలు సమాచారం.

గాలి, చలి, పోయిన వారం

రిడ్జ్ మీద ప్లాన్‌ని తిరగ్గొట్టేది ఎక్కువగా గాలే. కొండ అడ్డొచ్చిన చోట గాలి పైకి ఒత్తుకుని, అంచు దగ్గర వేగం పుంజుకుంటుంది. రెండు శిఖరాల మధ్య పల్లం ఉంటే అందులోంచి దూసుకొస్తుంది. పైగా దాని తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. గంటకి 40 మైళ్ల గాలి 60 మైళ్లు అయితే తోపు రెండింతలు దాటిపోతుంది. 40 మైళ్ల దగ్గర, అంటే సుమారు 65 కిలోమీటర్ల దగ్గర, నడకే తడబడుతుంది. వెడల్పైన కొండ మీద తడబడితే పక్కకి రెండడుగులు వేస్తాం. రిడ్జ్ మీద ఆ రెండడుగుల జాగా ఉండదు. సూచనలో సగటు వేగం కంటే విసురు వేగం, అంటే గస్ట్, చూడటం మంచిది. గాలి ఠక్కున ఆగిపోవడం కూడా ప్రమాదమే. దానికి ఎదురు ఒరిగి నిలబడ్డ మనిషి అటే తూలిపోతాడు.

గాలి దిక్కుని రిడ్జ్ దిక్కుతో పోల్చి చూసేవాళ్లు తక్కువ. క్రిబ్ గోఖ్ అంచు ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి గాలి ముఖానికి కొడుతుంది, అలసట వస్తుంది కానీ అడుగు పడుతుంది. అదే వేగంతో ఉత్తరం నుంచో దక్షిణం నుంచో వస్తే పక్క నుంచి తోస్తుంది. పక్క నుంచి వీచే 30 మైళ్ల గాలికి నేను ఎదురు నుంచి వచ్చే 40 కంటే ఎక్కువ భయపడతాను.

చలి విషయంలో సున్నా గీత దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఎత్తుకి పోతున్నకొద్దీ సగటున కిలోమీటరుకి 6.5 డిగ్రీలు తగ్గుతుందని పాఠాల్లో ఉంటుంది. పొడి గాలి బాగా కలియతిరిగే రోజున అది దాదాపు 10 డిగ్రీల వరకు పోతుంది. 100 మీటర్ల ఎత్తున్న లోయలో 6 డిగ్రీలు ఉందనుకోండి. 900 మీటర్ల దగ్గర మొదటి లెక్కలో సున్నాకి పైన ఒక డిగ్రీ, రెండో లెక్కలో సున్నాకి కింద రెండు. కాగితం మీద మూడు డిగ్రీల తేడా. రాయి మీద మాత్రం ఒకటి తడి, ఇంకొకటి గాజు. దీనికి గాలి తోడైతే ఒంటికి తగిలే చలి ఇంకా దిగుతుంది. మైనస్ 5 డిగ్రీల దగ్గర గంటకి 50 కిలోమీటర్ల గాలి ఉంటే విండ్ చిల్ లెక్క మైనస్ 15 చూపిస్తుంది. రాయి పట్టుకోవడానికి మందపాటి గ్లవ్స్ తీసి పలచవి వేసుకునే మనిషి వేళ్లకి ఎంతసేపు స్పర్శ ఉంటుందో ఈ లెక్కని బట్టి ఊహించుకోవాలి.

వీటన్నిటి కంటే విలువైన సమాచారం సూచనలో ఉండదు, గడిచిన వారంలో ఉంటుంది. రాయి మీద ఏముందో తేల్చేది వాతావరణం ఏ వరసలో వచ్చిందన్న సంగతి. నాలుగైదు రోజులు మంచు పడి, కరిగి, మళ్లీ గడ్డకట్టి ఉంటే దిట్టమైన మంచు తయారవుతుంది. క్రాంపాన్ల పళ్లు అందులో కసుక్కున దిగుతాయి. చలికాలపు రిడ్జ్‌కి అంతకంటే మంచి నేల లేదు. ముందు రోజు పొడి మంచు గుమ్మరించి ఉంటే పట్టుకునే రాళ్లు, అడుగు వేసే పగుళ్లు అన్నీ కప్పబడిపోతాయి. ప్రతి పట్టునీ తుడుచుకుంటూ వెతుక్కోవాలి, సమయం రెట్టింపవుతుంది.

ఇక అన్నిటికంటే చెడ్డ వరస: వాన పడుతుంది, వెంటనే ఆకాశం తేటపడి రాత్రి గడ్డకడుతుంది. తడిసిన రాయి మీద పలచటి పారదర్శకమైన పొర ఏర్పడుతుంది. వెర్గ్లా అంటారు దాన్ని. బూటు జారుతుంది. క్రాంపాన్ పన్ను దిగడానికి లోతు ఉండదు, కిందున్న రాయికి తగిలి గీసుకుపోతుంది. కళ్లకి రాయి మామూలుగానే కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ పొద్దున ఫోన్‌లో ఉండేది నిండు ఎండ బొమ్మ. గాలి తక్కువ, ఆకాశం నీలం, ఫొటోలకి అద్భుతమైన రోజు. రిడ్జ్ మీద మాత్రం అడుగు పెట్టకూడని రోజు.

ఈ పరిస్థితుల్లో సామాను గురించి ఎక్కువ మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. హెల్మెట్, ఐస్ యాక్స్, బూటుకి సరిపోయే క్రాంపాన్లు, రెండో జత గ్లవ్స్, హెడ్‌టార్చ్ ఉండాలి. బూటుకి రబ్బరు పట్టీతో తగిలించుకునే చిన్న స్పైక్‌లు చదును బాటకే, రిడ్జ్‌కి చాలవు. ఇంకో మాట. మంచు వాలు మీద జారితే ఐస్ యాక్స్‌తో ఆపుకోవడం నేర్పిస్తారు, నేర్చుకోవాల్సిందే. కానీ సన్నటి రాతి అంచు మీద జారితే అలా ఆపుకోవడానికి మంచూ ఉండదు, సమయమూ ఉండదు. అక్కడ జారకపోవడం ఒక్కటే రక్షణ.

రిడ్జ్‌కి ముందు, తర్వాత

అంచు మీద మంచు నిలవదు కాబట్టి మంచు చరియల భయం లేదని కొందరు అంటారు. అంచు వరకు అది చాలావరకు నిజం. కానీ అంచు మీదకి చేరే వాలు, దాని మీద నుంచి దిగే వాలు ఉన్నాయి కదా. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. గాలి ఒక వైపు నుంచి మంచుని ఎత్తుకెళ్లి మరుగు వైపు పలకలుగా పేరుస్తుంది. దీనికి కొత్తగా మంచు పడనక్కర్లేదు, ఎండ రోజున కూడా జరుగుతుంది. అదే మరుగు వైపున అంచు నుంచి గాల్లోకి చూరులా పొడుచుకొచ్చే మంచుని కార్నిస్ అంటారు. అది మనం అనుకున్న చోటు కంటే బాగా లోపలికి విరుగుతుంది.

స్ట్రైడింగ్ ఎడ్జ్ ఇందుకు మంచి ఉదాహరణ. అంచు దాటాక హెల్వెల్లిన్ పైమైదానానికి చేర్చే చివరి వాలు తూర్పు ముఖంగా ఉంటుంది. పడమటి గాలులు మోసుకొచ్చే మంచంతా అక్కడే చేరుతుంది. "అయిపోయింది" అని ఊపిరి పీల్చుకునే చోటే చలికాలంలో జారిపడే చోటు. చలికాలంలో లేక్ డిస్ట్రిక్ట్ తరఫున ఒక మనిషి రోజూ హెల్వెల్లిన్ ఎక్కి నేల ఎలా ఉందో రాస్తాడు. స్కాట్లాండ్‌లో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఆరు ప్రాంతాలకి రోజువారీ అంచనా ఇస్తుంది. ప్రమాదం 1 నుంచి 5 వరకు ఉండే యూరోపియన్ స్కేల్ మీద ఉంటుంది. 3 అంటే మధ్యలో ఉంది కదా అనుకోవడం పొరపాటు. 4, 5 రోజుల్లో జనం ఎలాగూ ఇంట్లోనే ఉంటారు, 3 రోజుల్లో బయల్దేరతారు. మరణాల్లో పెద్ద వంతు ఆ రోజుల్లోనే.

వెలుతురు సంగతి క్లుప్తంగా. డిసెంబర్ చివర్లో గ్లెన్‌కోలో పగలు ఏడు గంటల లోపే. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు: 5 కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. 10 కిలోమీటర్లు, 900 మీటర్ల రూట్‌కి మూడున్నర గంటలు వస్తుంది. రిడ్జ్ మీద ఆ లెక్క పనిచేయదు. క్రాంపాన్లు వేసుకోవడం, ముందు వెళ్లే గుంపు కదిలేదాకా ఆగడం, తుడుచుకుంటూ పట్టు వెతకడం, అన్నీ కలిపితే రెట్టింపు వేసుకోవాలి. నలుగురు ఇద్దరి కంటే నెమ్మదిగా వెళతారు. అప్పుడు పగలంతా అయిపోతుంది, అదీ ఏ తప్పూ జరగకపోతే.

వెనక్కి తిరగగలిగే చోట్లు

ఇక్కడే ప్లాన్‌లో అసలు పని ఉంది. రిడ్జ్‌లన్నీ ఒకేలా బిగించవు. ఆనఖ్ ఈగఖ్‌ని మామూలుగా తూర్పు నుంచి పడమరకి దాటతారు. ఆమ్ బోదఖ్ శిఖరం దిగి అంచు మీద పడ్డాక చివరి శిఖరం చేరేదాకా దక్షిణం వైపు క్షేమంగా దిగే దారి లేదు. మధ్యలో గాలి లేచిందంటే ముందు నుయ్యి వెనక గొయ్యి. అలాంటి రిడ్జ్‌కి సూచన నిలకడగా ఉన్న రోజే పనికొస్తుంది. ఎన్‌సెంబుల్ ఫలితాలు చెదిరిపోయిన రోజున దాని జోలికి వెళ్లకూడదు. సూచన ఎంత అనిశ్చితంగా ఉంటే అంత సులువుగా వెనక్కి రాగలిగే రూట్ ఎంచుకోవాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. రిడ్జ్‌ని ముందే ఖాయం చేసుకుని, దానికి తగ్గ వాతావరణం రావాలని ఎదురుచూస్తారు.

క్రిబ్ గోఖ్‌ని ఈ కళ్లతో చూద్దాం. బయల్దేరేది 359 మీటర్ల ఎత్తున్న పెన్-ఎ-పాస్ నుంచి. పిగ్ ట్రాక్ అనే బాట మీద కొంత ఎక్కాక బుల్ఖ్ ఎ మోఖ్ అనే మెడ, అంటే రెండు ఎత్తుల మధ్య పల్లం, వస్తుంది. అక్కడ కుడికి తిరిగితే క్రిబ్ గోఖ్, నేరుగా పోతే పిగ్ ట్రాక్. ఆ మలుపు తర్వాత తూర్పు అంచు నిటారుగా లేస్తుంది. ఎక్కడం కంటే దిగడం కష్టం, మంచు పట్టి ఉంటే మరీను. కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సిన చోటు శిఖరం కాదు, ఆ మెడ. ఇంట్లోనే కాగితం మీద రాసుకోవాలి: ఫలానా గంటలోపు అక్కడికి చేరకపోతే, లేదా అక్కడే గాలి నన్ను తూలిస్తే, లేదా దారిలో రాళ్ల మీద గాజు పొర కనిపిస్తే, కుడికి తిరగను. ప్లాన్ బి కూడా అదే కార్ పార్క్ నుంచి ఉండాలి. మైనర్స్ ట్రాక్ మీద లిన్ లిడావ్ సరస్సు దాకా వెళ్లి రావచ్చు. పిగ్ ట్రాక్ పైభాగం ప్లాన్ బి అనుకుంటే మాత్రం పొరపాటే. గడ్డకట్టిన రోజుల్లో దానికీ క్రాంపాన్లు, యాక్స్ కావాలి.

ఇప్పుడు ఒక వారాంతం ఊహించుకుందాం. శుక్రవారం మబ్బు, సున్నాకి పైన. శనివారం కోల్డ్ ఫ్రంట్, అంటే వెనకే చలిగాలిని తెచ్చే వాతావరణపు సరిహద్దు, వస్తుంది. మోడల్ ఫలితాల్లో కొన్ని మధ్యాహ్నం అంటున్నాయి, కొన్ని రాత్రి అంటున్నాయి. సహజంగా వచ్చే ఆలోచన: "ఫ్రంట్ వెళ్లిపోయాక ఆదివారం తేటగా ఉంటుంది, ఆ రోజు పోదాం." కానీ ఫ్రంట్ దాటేటప్పుడు గాలి నైరుతి నుంచి వాయవ్యానికి తిరుగుతుంది, వాన కురుస్తుంది, వెనకే చలి దిగుతుంది. అంటే ఆదివారం పొద్దున తడిసి గడ్డకట్టిన రాయి. పైన చెప్పుకున్న అతి చెడ్డ వరస అదే. శనివారం తెల్లవారే ముందే బయల్దేరి, ఫ్రంట్ మధ్యాహ్నమే వస్తుందన్న తొందరపు అంచనాని లెక్కలోకి తీసుకుని, అప్పటికి అంచు దాటి ఉండగలమా? చిన్న రిడ్జ్, చురుకైన ఇద్దరు అయితే బహుశా. ఆనఖ్ ఈగఖ్ అయితే కుదరదు. నన్నడిగితే ఆ వారం శనివారం పొద్దున చిన్న రూట్, ఆదివారం లోయలో నడక. రిడ్జ్ మాట వచ్చే వారం చూసుకోవడమే.

ఇదంతా తెలిసినా జనం ఎక్కుతారు. అమెరికన్ పరిశోధకుడు ఇయాన్ మెకామన్ మంచు చరియల ప్రమాదాలని పరిశీలించి, జ్ఞానం లేకపోవడం కంటే మనసు వేసే దగ్గరి దారులే మనుషుల్ని ఇరికిస్తున్నాయని 2000ల తొలి ఏళ్లలో రాశాడు. తెలిసిన చోటు అన్న ధీమా, బయల్దేరాక ఆగకూడదన్న పట్టు, గుంపులో పెద్దవాడికి తెలుసులే అన్న భరోసా, ముందు ఎవరివో అడుగులు ఉన్నాయన్న ధైర్యం, మళ్లీ ఈ అవకాశం రాదేమో అన్న ఆత్రం. ఇవి మంచు చరియలకే పరిమితం కావు. అయిదు గంటలు కారు నడిపి వచ్చినవాడికి ఇవన్నీ ఒకేసారి పట్టుకుంటాయి. స్విస్ గైడ్ వెర్నర్ ముంటర్ పద్ధతిలో ఇందుకే పరిస్థితులు, నేల, మనుషులు అనే మూడింటినీ మూడు సార్లు తూకం వేస్తారు: ఇంట్లో, కొండ దగ్గర, ఆ ఒక్క వాలు ముందు. మనుషులు అన్న గడిని జనం ఖాళీగా వదిలేస్తారు. నిన్న రాత్రి ఎవరు సరిగా పడుకోలేదు, ఎవరు క్రాంపాన్లు మొదటిసారి వేసుకుంటున్నారు, ఎవరికి "వద్దు" అని చెప్పే చనువు లేదు, ఇవి గాలి వేగం అంత ముఖ్యం. వెనక్కి పోదామన్న ఒక్క గొంతు చాలని బయల్దేరే ముందే ఒప్పుకోవడం నాకు తెలిసిన మంచి నియమం.

ఏదైనా జరిగితే బ్రిటన్‌లో 999కి ఫోన్ చేసి పోలీసుల్ని, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూని అడగాలి. సిగ్నల్ సరిగా లేని చోట మెసేజ్ వెళ్లే అవకాశం ఉంటుంది, కానీ 999కి మెసేజ్ పంపాలంటే ఫోన్‌ని ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. విజిల్ అయితే నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోవాలి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, కాలినడకన రావచ్చు. మబ్బు పట్టిన రిడ్జ్ దగ్గరికి హెలికాప్టర్ రాలేకపోవచ్చు. అంటే సహాయం గంటల తర్వాతే అనుకుని, అంతసేపు కదలకుండా కూర్చోగలిగే బట్టలు, గుంపంతా దూరగలిగే షెల్టర్ సంచి బ్యాగులో ఉండాలి.

ఎటు వెళుతున్నారో, ఏ గంట దాటితే ఆందోళన పడాలో కింద ఉన్న ఒక మనిషికి రాసివ్వాలి. అందులో ప్లాన్ బి కూడా ఉండాలి. బుల్ఖ్ ఎ మోఖ్ దగ్గర మనసు మార్చుకుంటే, సిగ్నల్ దొరికిన మొదటి చోట ఆ మనిషికి మెసేజ్ పెట్టాలి. లేకపోతే మీరు సరస్సు పక్కన బాట మీద కాలు మెలిపడి కూర్చుని ఉంటే, వాళ్లు చీకట్లో క్రిబ్ గోఖ్ మీద మిమ్మల్ని వెతుకుతుంటారు.